చెప్పకుండా తగ్గే బొమ్మ: హోమ్ థియేటర్‌లో కాపీ రక్షణ

ఇంట్లో పెద్ద తెర, మంచి ప్రొజెక్టరో 4కె టీవీయో, ప్లేయర్ నుంచి వచ్చే ధ్వనిని చుట్టూ ఉన్న స్పీకర్లకు, బొమ్మను తెరకు పంపే సరౌండ్ రిసీవర్, డిస్క్ ప్లేయర్ అమర్చుకున్నవారు బొమ్మ కాస్త మెత్తగా, రంగులు కాస్త వెలిసినట్టుగా కనిపిస్తే ముందు టీవీని అనుమానిస్తారు, ఆ తరువాత కేబుల్‌ను, చివరికి తమ కళ్లనే. డిస్క్‌లో ఉన్న బొమ్మ తెర దాకా వచ్చేలోపు దారిలోని ఏదో ఒక పరికరం కాపీ రక్షణ పరీక్షలో నెగ్గలేదన్న కారణంతో, ప్లేయరే దానిని నాలుగో వంతుకు కుదించి పంపుతూ ఉండవచ్చన్న ఆలోచన వారికి రాదు. వచ్చే అవకాశమూ తక్కువే, ఎందుకంటే ఆ సంగతిని చాలా పరికరాలు నోరు విప్పి చెప్పవు. నాకు కాపీ రక్షణ ఉండటం కన్నా ఈ మౌనం మీదే ఎక్కువ అభ్యంతరం.

మొదటే ఒక అపోహను పక్కన పెట్టాలి. నేటి డిజిటల్ రక్షణ పద్ధతులు వాటంతట అవి బొమ్మను చెడగొట్టవు. ఎన్‌క్రిప్షన్ చేసిన, అంటే రహస్య రూపంలోకి మార్చిన సిగ్నల్ అవతలి చివర సరైన తాళంచెవి దొరికితే ఒక్క బిట్టు కూడా తేడా లేకుండా తెరుచుకుంటుంది, దొరకకపోతే అసలు తెరుచుకోదు. రక్షణ ఉన్నందువల్ల నలుపు పలచబడిందనీ, అంచులు మొద్దుబారాయనీ కొందరు ఆడియో వీడియో ప్రియులు చెప్పే మాటకు ఆధారం లేదు. నాణ్యత తగ్గేది లైసెన్సు ఒప్పందాల వల్ల. ఫలానా పరికరం ఫలానా పరీక్షలో నెగ్గకపోతే దానికి ఇంతకు మించిన స్పష్టత ఇవ్వకూడదని ఆ ఒప్పందాల్లో రాసి ఉంటుంది, ప్లేయర్ తయారీదారు దానికి కట్టుబడి ఉంటాడు.

అనలాగ్ రోజుల్లో పరిస్థితి వేరు. అప్పట్లో రక్షణ అంటేనే సిగ్నల్‌ను తెలిసి తెలిసి కలుషితం చేయడం. 1980ల మధ్యలో వీడియో క్యాసెట్లకు వచ్చిన మ్యాక్రోవిజన్ అనే పద్ధతి, తెర మీద కనిపించని గీతల్లో, అంటే ఒక ఫ్రేము ముగిసి మరొకటి మొదలయ్యే విరామంలో, అతి ప్రకాశవంతమైన మెరుపులాంటి సంకేతాలను చొప్పించేది. రికార్డు చేసే వీసీఆర్‌లో సిగ్నల్ బలాన్ని తనంతట తానే సర్దుబాటు చేసుకునే వలయం ఒకటి ఉంటుంది. అది ఈ సంకేతాలను చూసి సిగ్నల్ మరీ బలంగా ఉందని భ్రమపడి బొమ్మను చీకటి చేసేది, మరుక్షణం పొరపాటు గ్రహించినట్టు వెలుగు పెంచేది. నకలు తీసినవారికి దక్కేది ఆరిపోతూ వెలుగుతూ ఉండే బొమ్మ.

ఆ శిక్ష నకలు తీసేవారితో ఆగి ఉంటే మాట్లాడుకోవలసిందే లేదు. డీవీడీ ప్లేయర్లు వచ్చిన తొలినాళ్లలో పాత టీవీకి వీడియో ఇన్‌పుట్ లేక, ప్లేయర్‌ను వీసీఆర్ మీదుగా టీవీకి కలిపినవారు ఎందరో ఉన్నారు. ప్లేయర్‌లోని చిప్పు తన అనలాగ్ అవుట్‌పుట్‌కు అదే మ్యాక్రోవిజన్‌ను జోడించేది, వీసీఆర్ యథాప్రకారం భ్రమపడేది. ఆ ఇంటివారు ఏమీ రికార్డు చేయడం లేదు, కొనుక్కున్న డిస్క్‌ను చూసుకుంటున్నారు. అయినా రాత్రి సన్నివేశం వచ్చేసరికి తెర మొత్తం ఊపిరి పీల్చి వదులుతున్నట్టు వెలుగు హెచ్చుతగ్గులయ్యేది. కొన్ని టీవీల్లో బొమ్మ పైభాగం ఒక పక్కకు వంగిపోయేది. ఒక విధంగా అది నయం. లోపం కళ్లకు కట్టినట్టు కనిపించేది కాబట్టి జనం కారణం వెతికారు, వీసీఆర్‌ను తప్పించి నేరుగా కలుపుకోవాలని తెలుసుకున్నారు.

డిజిటల్ కాలంలో ఆ మాత్రపు పారదర్శకత కూడా పోయింది. మొదటి తరం హెచ్‌డీ టీవీలు కొన్నవారి కథ ఇందుకు మంచి ఉదాహరణ. వారి టీవీల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల కాంపొనెంట్ సాకెట్లే ఉండేవి. ఆ మూడు తీగల మీదుగా పూర్తి హెచ్‌డీ బొమ్మ నిక్షేపంగా ప్రయాణించగలదు. కానీ ఆ తీగల్లో రక్షణ లేదు. అందువల్ల డీవీడీల స్పష్టతను పెంచి చూపే ప్లేయర్లు వచ్చినప్పుడు, రక్షణ ఉన్న డిస్కులకు ఆ పెంపు బొమ్మనూ ధ్వనినీ ఒకే కేబుల్‌లో మోసే హెచ్‌డీఎంఐ వంటి, రక్షణ ఉన్న డిజిటల్ అవుట్‌పుట్‌లోనే దక్కేది. కాంపొనెంట్ సాకెట్‌కు మాత్రం మామూలు డీవీడీ స్పష్టత దగ్గరే కంచె వేశారు. ఖర్చుకు వెనకాడకుండా అందరికన్నా ముందు హెచ్‌డీ టీవీ కొన్న అభిమానులే అందరికన్నా ముందు వెనకబడ్డారు.

2006లో బ్లూరే డిస్క్ వచ్చినప్పుడు దాని రక్షణ వ్యవస్థ అయిన ఏఏసీఎస్‌లో ఇమేజ్ కన్‌స్ట్రెయింట్ టోకెన్ అనే ఒక చిన్న గుర్తును చేర్చారు. స్టూడియో తన డిస్క్‌లో ఆ గుర్తు పెడితే ప్లేయర్ అనలాగ్ అవుట్‌పుట్‌కు పంపే బొమ్మను 1920×1080 నుంచి 960×540కు కుదించాలి. పిక్సెళ్లలో చెప్పాలంటే 20,73,600 కాస్తా 5,18,400 అవుతాయి, సరిగ్గా నాలుగో వంతు. ఆ కుదించిన బొమ్మను తిరిగి సాగదీసి హెచ్‌డీ సిగ్నల్ రూపంలోనే పంపడానికి నిబంధనలు అనుమతించాయి. అంటే టీవీ మూలన 1080 అనే అంకె యథాతథంగా వెలుగుతూనే ఉంటుంది, లోపల సరుకు మాత్రం నాలుగో వంతే. స్టూడియోలు తొలి సంవత్సరాల్లో ఈ గుర్తును పెద్దగా వాడకుండా సంయమనం పాటించాయి, ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. కానీ ఆ తరువాత నిబంధనలే బిగిశాయి. 2010 చివరి తరువాత తయారయ్యే ప్లేయర్లు రక్షణ ఉన్న బ్లూరే బొమ్మను అనలాగ్‌లో మామూలు స్పష్టతకు మించి ఇవ్వకూడదు. 2013 చివరి తరువాత తయారయ్యేవి అనలాగ్‌లో ఆ బొమ్మను అసలు ఇవ్వకూడదు. అనలాగ్ సన్‌సెట్ అని దీనికి పేరు పెట్టారు. టీవీ బాగానే పనిచేస్తున్నా, పాత ప్లేయర్ పాడైపోయిన రోజున కొత్తది తెచ్చి కలుపుకోవడానికి దారి మూసుకుపోయింది.

ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న వ్యవస్థ సంగతికి వద్దాం. హెచ్‌డీసీపీ అనేది ఇంటెల్ రూపొందించిన పద్ధతి. ప్లేయర్, రిసీవర్, టీవీ ఒకదానికొకటి తమ తాళాలు చూపించుకుని, అన్నీ సక్రమమని తేలిన తరువాతే బొమ్మను ఎన్‌క్రిప్ట్ చేసి పంపుకుంటాయి. ఈ పలకరింపునే హ్యాండ్‌షేక్ అంటారు. పాత 1.x తరంలో ఒక్కో పరికరానికి 56 బిట్ల తాళాలు 40 చొప్పున ఉంటాయి. ఒకసారి పలకరించుకుంటే సరిపోదు, ప్రతి 128 ఫ్రేములకు ఒకసారి రెండు వైపులా లెక్క కలుస్తోందో లేదో చూసుకుంటూ ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో అది సుమారు ప్రతి ఐదు సెకన్లకు జరుగుతుంది. లెక్క తప్పితే తెర నిండా రంగురంగుల మంచు కురుస్తుంది, లేదా తెర నల్లబడి కొన్ని క్షణాల తరువాత బొమ్మ తిరిగి వస్తుంది. సరిగ్గా ఐదారు సెకన్లకొకసారి బొమ్మ పోయి వస్తోందంటే ప్యానెల్ పాడైందని కంగారు పడకుండా ఈ సంభాషణ తెగుతోందేమోనని చూడటం మంచిది. ఈ సంభాషణ హెచ్‌డీఎంఐ కేబుల్‌లో 15, 16 నంబర్ల పిన్నుల మీదుగా, బొమ్మతో పోలిస్తే అతి నెమ్మదిగా సాగుతుంది. పొడవైన కేబుల్‌లో బొమ్మ తీగలు బాగానే ఉండి, ఈ సన్నని తీగలు బలహీనపడి, బొమ్మ రాకపోవడం నేను చూశాను. హెచ్‌డీసీపీ ఉన్న కేబుల్ అని అట్ట మీద రాసి అమ్మేవారి మాట నమ్మనక్కర లేదు. తాళాలు ఉండేది రెండు చివర్ల పరికరాల్లోని చిప్పుల్లో. కేబుల్ వాటిని మోసుకెళ్లే దారి మాత్రమే.

4కె వచ్చేసరికి పాత తాళాల మీద నమ్మకం పోయింది. 2010లో 1.x తరానికి మూలమైన మాస్టర్ కీ బయటపడింది, అది నిజమైనదేనని ఇంటెల్ కూడా ఒప్పుకుంది. హెచ్‌డీఎంఐ కోసం 2013లో వచ్చిన హెచ్‌డీసీపీ 2.2 పునాది ఆ పాత తరానిది కాదు, పూర్తిగా వేరు. పాత చిప్పును సాఫ్ట్‌వేర్‌తో దీనికి ఎదిగించడం సాధారణంగా కుదరదు, కొత్త చిప్పే ఉండాలి. 4కె అని అట్ట మీద రాసి ఉన్న తొలి టీవీలు, హెచ్‌డీఎంఐ 2.0 అని ప్రచారం చేసుకున్న తొలి రిసీవర్లు కొన్ని ఈ చిప్పు లేకుండానే బజారులోకి వచ్చాయి. కొన్ని టీవీల్లో నాలుగు సాకెట్లుంటే ఒక్కదానికే 2.2 ఉండేది. రక్షిత 4కె సినిమాకు దారి పొడవునా ప్రతి పరికరమూ 2.2 అయి ఉండాలి. మధ్యలో ఒక్కటి పాతదైతే గొలుసు మొత్తం పాతదే.

ఇది ఇంట్లో ఎలా కనిపిస్తుందో దగ్గరగా చూపిస్తాను. ఒక స్నేహితుడు 4కె డిస్కులు ఆడించే కొత్త అల్ట్రా హెచ్‌డీ బ్లూరే ప్లేయర్, కొత్త టీవీ కొని, ఎన్నాళ్లనుంచో ప్రాణంగా చూసుకుంటున్న పాత రిసీవర్‌ను మధ్యలో ఉంచాడు. బొమ్మ వచ్చింది, ధ్వని అద్భుతంగా ఉంది. అయినా అతనికి ఏదో వెలితి. "డిస్క్ పెట్టినా, మామూలు స్ట్రీమింగ్ చూసినా ఒకేలా ఉంది, ఇంకెందుకురా ఈ డిస్కులు" అన్నాడు. టీవీ రిమోట్‌లో సమాచారం మీట నొక్కితే 3840×2160 అని వచ్చింది. అంకెను బట్టి చూస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టు. కానీ ఆ అంకె పక్కన ఉండవలసిన హెచ్‌డీఆర్ (వెలుగు నీడలను ఎక్కువ పరిధిలో చూపే పద్ధతి, అది లేని మామూలు బొమ్మను ఎస్‌డీఆర్ అంటారు) గుర్తు లేదు. సూర్యుడు నేరుగా కెమెరాలోకి పడే ఒక సన్నివేశంలో ఆకాశం మొత్తం ఒకే తెల్లటి మచ్చలా ఉంది. ప్లేయర్ సొంత సమాచార పట్టికను తెరిస్తే అసలు సంగతి తెలిసింది: డిస్క్ 2160, హెచ్‌డీఆర్. అవుట్‌పుట్ 1080, ఎస్‌డీఆర్. రిసీవర్‌లో 2.2 లేదని గ్రహించిన ప్లేయర్ బొమ్మను తగ్గించి పంపుతోంది. రిసీవర్ దానిని మర్యాదగా తిరిగి 2160కి సాగదీసి టీవీకి అందిస్తోంది. టీవీ తనకు అందినదే చెప్పింది. మూడు పరికరాల్లో ఏదీ అబద్ధం ఆడలేదు, ఏదీ నిజమూ చెప్పలేదు. రిసీవర్‌ను తప్పించి ప్లేయర్‌ను నేరుగా టీవీకి కలిపితే అదే సన్నివేశంలో తెల్లటి మచ్చ ఉన్నచోట సూర్యబింబం అంచు, దాని చుట్టూ పసుపు, నారింజ ఛాయల్లో మేఘాలు విడివిడిగా కనిపించాయి.

పిక్సెళ్ల లెక్క ఇక్కడా అదే. 82,94,400 నుంచి 20,73,600కు, మళ్లీ నాలుగో వంతు. కానీ నా అనుభవంలో పిక్సెళ్ల కన్నా హెచ్‌డీఆర్ పోవడమే పెద్ద నష్టం. మామూలు దూరంలో కూర్చుని చూసేవారికి 1080కీ 2160కీ మధ్య తేడా ఒక్కోసారి తెలియకపోవచ్చు. వెలుగు నీడల్లో, రంగుల లోతులో తేడా మాత్రం గది ఆ చివరి నుంచి కూడా తెలుస్తుంది. కనుక బొమ్మ తగ్గిందేమోనని అనుమానం వస్తే అంకెను నమ్మకుండా టీవీ హెచ్‌డీఆర్ స్థితిలోకి మారిందా లేదా అన్నది ముందు చూడాలి, ఆ తరువాత ప్లేయర్ స్వయంగా ఏమి పంపుతున్నానని చెబుతోందో చూడాలి. గొలుసు చివరన ఉన్న టీవీని అడగడం వల్ల మధ్యలో జరిగినది బయటపడదు.

నేరుగా కలిపితే బొమ్మ సమస్య తీరుతుంది గానీ ధ్వని సమస్య మొదలవుతుంది. టీవీకి వెళ్లిన ధ్వనిని తిరిగి రిసీవర్‌కు తేవడానికి 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏఆర్‌సీ దారి ఉంది. కానీ ఆ దారిలో డిస్క్‌లోని ట్రూహెచ్‌డీ వంటి నష్టరహిత ధ్వని పట్టదు, కుదించిన రూపమే వస్తుంది. పూర్తి ధ్వనిని మోయగల ఈఏఆర్‌సీ 2017లో ప్రకటించిన హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చింది, పాత రిసీవర్‌లో అది ఉండదు. అంటే స్పీకర్లూ బాగున్నాయి, ఆంప్లిఫయరూ బాగుంది, టీవీ కొత్తది, డిస్క్ సొంత డబ్బుతో కొన్నది. అయినా బొమ్మ కావాలో ధ్వని కావాలో తేల్చుకోమని ఒక తాళం ఆదేశిస్తోంది. దీనికి నాకు తెలిసిన మర్యాదైన పరిష్కారం ఒక్కటే: రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్లు ఉన్న ప్లేయర్. కొన్ని అల్ట్రా హెచ్‌డీ ప్లేయర్లలో రెండోది కేవలం ధ్వని కోసం ఉంటుంది. మొదటిది టీవీకి, రెండోది పాత రిసీవర్‌కు కలిపితే ఇద్దరికీ పూర్తి వాటా అందుతుంది. మంచి రిసీవర్ ఉన్నవారు దానిని మార్చే ముందు ఇలాంటి ప్లేయర్ కోసం వెతకాలని గట్టిగా చెబుతాను.

స్ట్రీమింగ్‌లో ఇదే తంతు, కాకపోతే పేర్లు వేరు. వైడ్‌వైన్ అనే రక్షణ పద్ధతిలో ఎల్1, ఎల్2, ఎల్3 అని అంతస్తులున్నాయి. ప్రాసెసర్‌లోని సురక్షిత భాగంలోనే బొమ్మను విప్పగల పరికరానికి ఎల్1 దక్కుతుంది. సాఫ్ట్‌వేర్‌తోనే నెట్టుకొచ్చేవాటికి ఎల్3. చాలా సేవలు ఎల్3 పరికరాలకు మామూలు డీవీడీ స్థాయి స్పష్టతే ఇస్తాయి. తెర ఎంత పెద్దదైనా, ఇంటర్నెట్ ఎంత వేగంగా ఉన్నా, చందా ఎంత పై స్థాయిదైనా అంతే. బొమ్మ మసకగా ఉంటే అందరూ ఇంటర్నెట్‌ను తిట్టుకుంటారు, సేవ కూడా వారి అపోహను సరిదిద్దదు. ఒకే చందాతో ఒకే సినిమా టీవీలోని యాప్‌లో కళకళలాడుతూ, దాని పక్కనే కంప్యూటర్ బ్రౌజర్‌లో వెలవెలబోతూ కనిపించడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

కంప్యూటర్‌లో డిస్కులు చూసేవారికి ఇంకా పెద్ద దెబ్బే తగిలింది. అల్ట్రా హెచ్‌డీ బ్లూరేను అధికారికంగా కంప్యూటర్‌లో చూడాలంటే ఇంటెల్ ప్రాసెసర్లలోని ఎస్‌జీఎక్స్ అనే సురక్షిత విభాగం తప్పనిసరి చేశారు. ఆ తరువాత ఇంటెల్ తన 11వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల నుంచి ఆ విభాగాన్నే తీసేసింది. పాత కంప్యూటర్‌లో ఆడిన డిస్క్, అంతకన్నా ఎన్నో రెట్లు శక్తిమంతమైన కొత్త కంప్యూటర్‌లో ఆడదు.

ఇన్ని అవస్థలకు ప్రతిఫలంగా దొంగ నకళ్లు ఆగాయా అంటే, ఆగలేదు. డీవీడీ రక్షణ 1999లోనే బద్దలైంది. ఏఏసీఎస్ తాళాలు బ్లూరే వచ్చిన ఏడాదిలోపే బయటికి వచ్చాయి. హెచ్‌డీసీపీ మాస్టర్ కీ సంగతి పైనే చెప్పాను. నకలు తీసి పంచేవాడు గొలుసు మొదట్లోనే తాళం పగలగొడతాడు. అతని ఫైలులో ఏ పరీక్షలూ ఉండవు, అది ఏ టీవీలోనైనా పూర్తి స్పష్టతతో ఆడుతుంది. గొలుసు చివరన డబ్బు కట్టి కూర్చున్నవాడికే నాలుగో వంతు. సృష్టికర్తల హక్కులు కాపాడాలన్న మాటతో నాకు పేచీ లేదు. సినిమా తీసినవారికి వారి కష్టానికి తగ్గ ఫలం దక్కాలి, నేను డిస్కులు కొనేది కూడా అందుకే. కానీ ఛాయాగ్రాహకుడు, రంగుల నిపుణుడు ఒక్కో సన్నివేశం మీద రోజుల తరబడి పనిచేసి తీర్చిన వెలుగునీడలు, కొన్నవాడి ఇంట్లో తెర దాకా రాకుండా పోతుంటే ఆ రక్షణ వారికి కూడా న్యాయం చేయడం లేదు.

నేను అడిగేది తాళాలు తీసేయమని కాదు. తగ్గించినప్పుడు తగ్గించామని తెర మీద ఒక్క వాక్యం రాయండి. "రిసీవర్‌లో హెచ్‌డీసీపీ 2.2 లేనందున బొమ్మను 1080 ఎస్‌డీఆర్‌కు తగ్గించాము" అని సినిమా మొదలయ్యే ముందు ఐదు సెకన్లు చూపిస్తే చాలు. ఆ వాక్యానికి కావలసిన సమాచారం అంతా ప్లేయర్ దగ్గర ఉంది. ఏ పరికరం ఏ తరానిదో తెలుసుకున్నాకే కదా అది తగ్గించాలని నిర్ణయించింది. కొన్ని ప్లేయర్లు ఇలాంటి సందేశం ఇస్తాయి, ఇవ్వడం సాధ్యమేనని వాటిని చూస్తే తెలుస్తుంది. అలాగే టీవీ, రిసీవర్ అట్టల మీద 4కె అన్న పెద్ద అక్షరాల కింద, ఏ సాకెట్‌కు ఏ తరం హెచ్‌డీసీపీ ఉందో స్పష్టంగా అచ్చు వేయాలి. ప్రస్తుతం ఆ వివరం వాడుక పుస్తకంలో వెనక పేజీల్లో ఎక్కడో దొరుకుతుంది, అదీ వెతికితేనే.

అవి జరిగేదాకా ఇంట్లో వ్యవస్థ ఉన్నవారు తెలిసిన ఒక హెచ్‌డీఆర్ డిస్క్‌ను పెట్టి, ప్లేయర్ సమాచార పట్టికలో డిస్క్ వరుసనూ అవుట్‌పుట్ వరుసనూ పక్కపక్కన చదవండి. రెండూ ఒకటి కాకపోతే, ముందుగా ప్లేయర్ అమరికల్లో ఎవరైనా అవుట్‌పుట్‌ను 1080కి బిగించి ఉంచారేమో, టీవీలో ఆ సాకెట్‌కు మెరుగైన హెచ్‌డీఎంఐ సిగ్నల్ అనుమతించే అమరిక ఆపి ఉందేమో చూడండి. చాలా టీవీల్లో అది మొదట ఆపేసే వస్తుంది, దాని వల్ల కూడా హెచ్‌డీఆర్ రాదు. అవి సరిగా ఉంటే రిసీవర్‌ను తప్పించి ఒకసారి నేరుగా కలిపి చూడండి. నేరుగా కలిపినప్పుడు రెండు వరుసలూ కలిస్తే దోషం మధ్యలోని పరికరానిది. కలవకపోతే టీవీలో మరో సాకెట్‌కు మార్చి, అప్పటికీ కాకపోతే పొట్టి కేబుల్‌తో ఇంకొక్కసారి ప్రయత్నించండి. టీవీ మార్చాలన్న ఆలోచన ఇవన్నీ అయ్యాకే.